ఎవరి మరక వాళ్లదే

లాండ్రీలో ఆమెను అందరూ మరకలావిడ అనేవారు. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉండేది, అక్కడే ఉండిపోయింది. లాండ్రీకి వచ్చిన ప్రతి బట్టా నీళ్లలో పడకముందు ఆమె బల్ల మీదికి రావాల్సిందే. కిటికీ పక్కన, ఎండ నేరుగా పడేచోట, తెల్లరేకు పరిచిన బల్ల అది. బట్టను దాని మీద పరిచి, బొటనవేలితో తడిమి, అవసరమైతే వాసన చూసి, ఇది టీ, ఇది తుప్పు, ఇది సిరా, ఇది పసిబిడ్డ కక్కిన పాలు అని తేల్చేసేది. ఏ ఇంట్లో పళ్లేలు గాల్లోకి లేచాయో, ఏ పెద్దమనిషి పీకలదాకా తాగి ఎక్కడ పడ్డాడో ఆ బల్లకు తెలిసినంతగా ఇరుగుపొరుగుకు కూడా తెలియదు. ఆమె మాత్రం ఎవరి గుట్టూ బయటపెట్టేది కాదు. మరక పోయాక మాట కూడా పోవాలి అనేది.

కొత్తగా పనిలో చేరినవాళ్లకు ఆమె నేర్పేవి రెండే ముక్కలు. మరకకు వయసు రానివ్వొద్దు, పడిన వెంటనే పట్టుకోవాలి. రక్తానికి మాత్రం వేడినీళ్లు చూపించొద్దు, చన్నీళ్లే పొయ్యాలి. వేడి తగిలిందా, నూలులో ఉడికిపోయి, ఇల్లరికం వచ్చిన అల్లుడిలా ఇక కదిలే మాటే ఉండదు. అల్లుడి మాటకు అందరూ నవ్వేవారు, అందుకే ఆ పాఠం మరిచిపోయేవారు కాదు.

ఇల్లు మూడో అంతస్తులో. రెండు గదులు, వంటిల్లు, మోకాళ్లు తగిలేలా రెండు స్టూళ్లు పట్టే బాల్కనీ. ఉండేది ముగ్గురు, ఆమె, కలప కోత మిల్లులో పనిచేసే భర్త, చదువు చివరి ఏడాదిలో ఉన్న కూతురు. ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు. ఆ ఇంటికి చెప్పకుండా వచ్చినవాళ్లు కూడా గడప దగ్గరే ఆగి, చెప్పులు విడవాలా వద్దా అని తమ కాళ్ల వంక చూసుకునేవారు. పొద్దస్తమానం ఆవిడ చీపురు పట్టుకునే ఉంటుందేమో అనుకునేవారు. అది వట్టి భ్రమ. ఆ మెట్లెక్కి దిగే ఆడవాళ్లందరిలోకీ ఇంటిపనికి తక్కువ సమయం ఇచ్చేది ఆమే.

దానికో కారణం ఉంది. ఆమె తల్లి లేచింది మొదలు పడుకునేదాకా ఊడుస్తూ, తోముతూ, తుడుస్తూనే బతికింది. "మా అమ్మ ఒడి నాకు గుర్తులేదు, వీపే గుర్తు" అని భర్తతో ఒకసారి అంది. తల్లి పోయిన ఏడాదే పెళ్లయింది. ఇంటిపని మనిషిని మింగేముందు మనిషే ఇంటిపనిని మింగెయ్యాలని కొత్త కాపురంలోనే తీర్మానించుకుంది. అలా పుట్టాయి ఆ ఇంటి పద్ధతులు.

పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి, పొంగేదాకా గుడ్లప్పగించి చూస్తూ నిలబడటం ఆమెకు చేతకాదు. పాలు కాగేలోపు వంటగట్టు తుడవడం, రాత్రి గిన్నెలు అల్మారాలో సర్దడం అయిపోవాలి. అయిపోయేవి. పాలు ఎప్పుడూ పొంగలేదు. ఇక ఎవరూ వట్టి చేతులతో గది దాటకూడదు. ఈ గదిలోంచి ఆ గదికి వెళ్లేవాళ్లు ఆ గదికి చెందిన వస్తువేదో ఒకటి, కప్పో, పుస్తకమో, విడిచి పారేసిన సాక్సో చేతపట్టుకునే వెళ్లాలి. ఊడ్చేది రోజూ నడిచే దారి మటుకే, మూలలకు రోజుకొకటి చొప్పున వంతు. మిల్లు బట్టలు గుమ్మం దాటి లోపలికి రాకూడదు. తలుపు వెనక బకెట్ ఉంటుంది, రంపపు పొట్టంతా దాంట్లోనే. వాష్‌బేసిన్ పక్కన మేకుకు చిన్న గుడ్డ వేలాడుతుంది, చివర వాడినవాళ్లు బేసిన్ తుడిచి, గుడ్డ పిండి మళ్లీ తగిలించాలి. అన్నిటికన్నా పెద్ద పద్ధతి మరకలది. ఎవరి మరక వాళ్లదే. పడిన చోటే, పడిన వెంటనే, చన్నీళ్లతో. మూటగట్టి అమ్మ కోసం దాచిపెట్టడానికి వీల్లేదు. రోజంతా పరాయివాళ్ల మరకలు తీసి వచ్చే మనిషికి ఆమాత్రం సెలవు ఉండొద్దా?

భర్త మెతక మనిషి. దుంగల్ని అడ్డంగా, నిలువుగా కోసేవాడే కానీ పెళ్లాం మాటకు ఎన్నడూ అడ్డం తిరిగేవాడు కాదు. ఏ పద్ధతి చెప్పినా మర్నాటికల్లా అలవాటు చేసుకునేవాడు. కూతురిది మాత్రం కత్తిలాంటి నోరు. "మనది ఇల్లు కాదమ్మా, హోటల్ గది. రేప్పొద్దున్నే ఖాళీ చేసేవాళ్లం అన్నట్టుంది" అనేది. అంటూనే చేతిలో కప్పు తీసుకుని వంటింట్లోకి నడిచేది.

ఇలా రోజుకు ఇంత చొప్పున మిగిల్చిన సమయమంతా ఆదివారం మధ్యాహ్నానికి చేరేది. ఆదివారం చీపురు ముట్టుకోవడం ఆ ఇంట్లో నేరం. భార్యాభర్తలిద్దరూ బాల్కనీలో స్టూళ్ల మీద కూర్చుని, వేయించిన వేరుశనగకాయలు వొలుచుకుంటూ, తొక్కలు కాళ్ల దగ్గరే పడేసుకుంటూ, కింద పోయే జనాన్ని చూస్తూ ఊసులాడుకునేవారు. వారం మొత్తంలో ఆ ఇంట్లో చెత్త పడేది ఆ కాసేపే. తన తల్లికి ఒక్కనాడైనా దొరకని కాసేపు అది. దాన్ని తలుచుకునే ఆమె వారమంతా పరుగెత్తేది.

దగ్గు అతనికి ఎప్పటినుంచో ఉంది. కోత మిల్లులో దగ్గనివాడెవడు? బరువు తగ్గాడంటే వయసు మీద పడుతోంది అనుకున్నారు. ఆదివారాల్లో మాటలు తగ్గాయంటే అలసట అనుకున్నారు. అన్నిటికీ ఏదో ఒక కారణం దొరికేది.

ఒక మంగళవారం మధ్యాహ్నం లాండ్రీకి మిల్లు మేస్త్రీ నుంచి ఫోను వచ్చింది. రంపం దగ్గర మీ ఆయనకు దగ్గుతెర వచ్చింది, అప్పుడే కోసిన తెల్లటి పలక మీద రక్తం పడింది, నేను ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను, మీరు రండి అన్నాడు. పచ్చి కలప నీళ్లలాగే రక్తాన్నీ పీల్చేస్తుంది. గుడ్డతో తుడిస్తే పోదు. అతను చొక్కా అంచుతో రుద్దాడట, ఇంకా లోపలికి ఇంకిందట. అందుకే అది మేస్త్రీ కంటపడింది.

డాక్టరమ్మ ఎక్స్‌రేను వెలుగు పలకకు తగిలించి చాలాసేపు చూసింది. తర్వాత కుర్చీ ఇటు తిప్పి, రక్తం ఎన్నాళ్ల నుంచి పడుతోందని అడిగింది. ఇవాళే అనబోయింది ఆమె.

"ఎనిమిది నెలలు" అన్నాడు భర్త, నేల చూస్తూ.

డాక్టరమ్మ ఆమె వైపు తిరిగి, ఇంట్లో బట్టలు ఎవరు ఉతుకుతారని అడిగింది. నేనేనని చెప్పింది.

"ఎనిమిది నెలల్లో ఒక్క మరకైనా కనబడలేదా అమ్మా? మీరేం పని చేస్తుంటారు?"

పాపం, భర్తే అందుకున్నాడు. లాండ్రీలో మరకలు తీస్తుందని, అలా తీసేవాళ్లు ఈ చుట్టుపక్కల లేరని, కాస్త గర్వంగానే చెప్పాడు. దీపం కిందే చీకటి అంటారు. ఆ చీకటి ఎంత ఉంటుందో ఆమెకు ఆ గదిలో, ఆ వెలుగు పలక ముందు తెలిసింది.

స్కాను కూడా తీయించాక, అతన్ని రక్తపరీక్షకు పంపి డాక్టరమ్మ ఆమెతో విడిగా మాట్లాడింది. ఊపిరితిత్తిలో గడ్డ. ఆరు నెలల ముందు వచ్చి ఉంటే కోసి తీసేసేవాళ్లం, ఇప్పుడు కుదరదు. మాత్రలు పనిచేస్తే ఒకటి రెండేళ్లు. పనిచేయకపోతే నెలలే. రక్తం తగ్గుతోందా లేదా అన్నదే మాకు గుర్తు, తగ్గకపోతే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకుండా వేరే మందుకు మార్చాలి, ఎంత పడుతోందో రోజూ మీ కళ్లతో చూసి నాకు చెప్పాలి అంది. మీ కళ్లతో అన్న మాట దగ్గర ఆమె తల దించుకుంది.

ఇంటికి వచ్చాక కూడా అతను తలుపు వెనకే మిల్లు బట్టలు విప్పి బకెట్‌లో వేశాడు. ఆ చప్పుడు వినగానే ఆమె తలుపు దగ్గరికి వచ్చింది. ఎందుకు దాచారని అడిగింది.

"దాచాలని కాదు" అన్నాడు. "మొదట చిగుళ్లనుకున్నాను. తర్వాత గొంతులో పొట్టు గీసుకుందనుకున్నాను. నువ్వు చెప్పినట్టే రుమాలు వెంటనే చన్నీళ్లలో పెట్టేవాణ్ని. కడిగేశాక ఏమీ లేనట్టే ఉండేది. రేపు చెబుదాంలే అనుకునేవాణ్ని. తెల్లారేసరికి చూపించడానికి ఏమీ ఉండేది కాదు."

అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడ్డ కూతురు నెమ్మదిగా నోరు విప్పింది. ఎండాకాలంలో ఒకసారి బేసిన్‌లో ఎర్రగా కనబడిందట. నాన్న తుడవడం మరిచిపోయాడు, అమ్మ చూస్తే కోప్పడుతుందని తనే తుడిచేసిందట. గుడ్డ పిండి మేకుకు తగిలించిందట కూడా.

ఆమె చెయ్యి పైకి లేచింది. కూతుర్ని కొట్టబోయిందో, తన నుదురే కొట్టుకోబోయిందో ఆమెకే తెలియదు. ఎవర్నని ఏం లాభం? ముగ్గురిలో ఎవరూ తప్పు చెయ్యలేదు. చెప్పిన పద్ధతి చెప్పినట్టు పాటించారు, అంతే. ఆ పద్ధతి పెట్టింది తను. పరాయి దుప్పటి మీద వారం కిందటి టీ చుక్కను పట్టేసే తన కళ్ల ముందు, తన ఇంట్లో, ఎనిమిది నెలల పాటు ఒక మనిషి రక్తం సాఫీగా కాలవలోకి పోయింది. ఆ ఆలోచన ఆమెను నిలువునా కోసేసింది.

మర్నాడు పొద్దున ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పింది. "ఇకమీదట ఈ ఇంట్లో ఎవరూ ఏదీ తుడవకండి. ముందు నేను చూడాలి."

అతన్ని మిల్లు మాన్పించి, పాత దుప్పటి చింపి చదరపు గుడ్డలు కత్తిరించింది. అంచులు కుట్టింది, ఒక్కొక్కటీ ఇస్త్రీ చేసి నాలుగు మడతలు పెట్టింది. దగ్గు వస్తే వీటిలోనే దగ్గాలి, కడక్కుండా బాల్కనీలో ఉన్న రేకు డబ్బాలో వెయ్యాలి. సాయంత్రం లాండ్రీ నుంచి వస్తూనే, వెలుతురు ఉండగానే డబ్బా తెరిచి ఒక్కొక్క గుడ్డా విప్పి చూసేది. ఇది పొద్దున్నది, గోధుమరంగుకు తిరిగింది. ఇది ఇందాకటిది. ఇది చొక్కా గుండీ అంత. ఇది రెండు గుండీలంత. పదహారేళ్ల విద్య చివరికి ఇలా పనికొచ్చింది.

ఇల్లు మెల్లమెల్లగా పాడయింది. ఆమె తుడిచే గుడ్డే ముట్టుకునేది కాదు, ఏది తుడిస్తే ఏది పోతుందో అని. బేసిన్‌కు నురగ ఎండి చారలు కట్టింది. కప్పులు తాగినచోటే ఉండిపోయాయి. పాలు పొంగి పొయ్యి నల్లబడింది. పొయ్యి ముందు నిలబడి కూడా ఆమె వాటిని చూడలేదు. ఒకరోజు కూతురు ఉండబట్టలేక బేసిన్ కడిగితే, చూడకుండా ఎందుకు కడిగావని ఆమె అరిచిన అరుపుకు పక్కింటావిడ తలుపు తీసుకుని వచ్చింది. వచ్చినావిడ లోపలి వాలకం చూసి నోరెళ్లబెట్టింది. ఎలాంటి ఇల్లు ఎలా అయిపోయింది అని మెట్లమీద అందరికీ చెప్పింది. జాలితో చెప్పిందో సంతోషంతో చెప్పిందో మనకెందుకు.

మాత్రలు మొదలుపెట్టిన నాలుగో వారంలో, ఒక బుధవారం సాయంత్రం, డబ్బాలో గుడ్డలన్నీ తెల్లగా ఉన్నాయి. ఆమె నమ్మలేదు. కిటికీకి పట్టి చూసింది, తిరగేసి చూసింది. ఎక్కడా చుక్క లేదు. గురువారం కూడా అంతే. శుక్రవారం లాండ్రీలో కొత్తమ్మాయికి ఇల్లరికం అల్లుడి మాట చెప్పి తనే నవ్వేసింది. నెల తర్వాత ఆమె నవ్వడం చూసి ఇస్త్రీ పెట్టె ముందున్నవాళ్లు తలెత్తి చూశారు. శనివారం పొద్దున పాలు పొయ్యి మీద పెట్టి, తనకు తెలియకుండానే గుడ్డ తీసుకుని వంటగట్టు తుడవడం మొదలుపెట్టింది. కూనిరాగం కూడా తీసింది. ఒకటి రెండేళ్లన్న మాటలో రెండు అన్నదాన్నే పట్టుకుంది మనసు. ఎవరైనా అదే పట్టుకుంటారు. సోమవారం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాలి, నాలుగు రోజులుగా చుక్క పడలేదని చెప్పాలి, ఆవిడ మొహం ఎలా వెలుగుతుందో చూడాలి.

ఆదివారం మధ్యాహ్నం చాన్నాళ్లకు వేరుశనగకాయలు వేయించింది. ఇద్దరూ బాల్కనీలో స్టూళ్ల మీద కూర్చున్నారు. అతను నాలుగు కాయలు వొలిచి, మూడు ఆమెకే ఇచ్చాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆమె పక్కనే ఉన్న డబ్బా తెరిచి, ఒక గుడ్డ తీసి విప్పింది. తెల్లగా ఉంది. సంతోషంగా మడత పెట్టబోతుంటే అంచు మీద బొటనవేలు ఆగింది.

అంచు చల్లగా ఉంది.

బట్ట అంతా ఆరినా కుట్టుపడిన అంచు త్వరగా ఆరదు. ఆ సంగతి ఆమెకంటే ఎవరికి బాగా తెలుసు? ఇంకో గుడ్డ తీసింది, ఇంకోటి తీసింది. తను ఇస్త్రీతో అదిమి పెట్టిన నాలుగు మడతల గీత ఒక్కదానికీ లేదు. నీళ్లలో పడితే తప్ప పోని గీత అది. నాలుగు రోజులుగా ఎరుపు కోసం మాత్రమే వెతికింది కనుక ఇది ఆమె కంటికి ఆనలేదు. చుక్క మిగలకుండా, పసుపు చాయ కూడా రాకుండా, చన్నీళ్లలో ఓపిగ్గా కడిగాడు. అచ్చం తను నేర్పినట్టే కడిగాడు.

"ఎన్ని?" అంది, అతని మొహం చూడకుండా.

"అన్నీ" అన్నాడు.

చేతిలో కాయను అతను అటూ ఇటూ తిప్పాడు. తర్వాత తనే చెప్పాడు.

"బుధవారం ఎక్కువ పడింది. నువ్వు చూస్తే తట్టుకోలేవనిపించి కడిగేశాను. ఆ ఒక్కరోజుకే అనుకున్నాను. నువ్వు నవ్వావు. నిన్న గట్టు తుడిచావు, పాట పాడావు. మన ఇల్లు నాకు మళ్లీ ఒకసారి చూడాలనిపించింది."

ఆమెకు ముందు కోపమే వచ్చింది. ఒక్కరోజు కూడా ఆలస్యం చేయొద్దన్న మందు నాలుగు రోజులు ఆలస్యమయిందని, రేపు డాక్టరమ్మ ముందు అబద్ధం చెప్పి వచ్చేదాన్నని, ఇంకా చాలా అనాలనుకుంది. ఏడుపొచ్చింది. ఏడ్చింది. కింద వీధిలో ఎవరో తలెత్తి చూసినా ఆపుకోలేదు. లోపల చదువుకుంటున్న కూతురు గుమ్మందాకా వచ్చి, ఇద్దర్నీ చూసి, తిరిగి వెళ్లిపోయింది.

కళ్లు తుడుచుకున్నాక అంది. "రేపు ఉన్నదున్నట్టు చెబుదాం. ఇక మీరు కడగొద్దు. నా చేతికివ్వండి. నేను చూస్తాను. చూసి, నేనే కడుగుతాను."

"ఎవరి మరక వాళ్లదే కదా?" అన్నాడు అతను. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు.

"ఆ మాట అన్నది నేనే. నేనే వెనక్కి తీసుకుంటున్నాను" అంది.

కాసేపటికి అతనికి దగ్గు వచ్చింది. గుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని వంగిపోయాడు. దగ్గు ఆగాక, ఎనిమిది తొమ్మిది నెలల అలవాటుకొద్దీ గుడ్డను గుప్పిట్లో మూసి, బేసిన్ దగ్గరికి వెళ్లడానికి లేవబోయాడు. సగంలో ఆగాడు. మళ్లీ కూర్చుని, గుప్పిలి తెరిచి, గుడ్డను ఆమె వైపు చాపాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో తన మరకను ఇంకొకరి చేతిలో పెట్టడం అతనికి అదే మొదటిసారి.

ఆమె దాన్ని ఎండలోకి పట్టి చూసింది. గుండీ అంత కాదు, అరచేతిలో సగం ఉంది. తాజాది. ఒకటి రెండేళ్లు కాదని, నెలలేనని డాక్టరమ్మ చెప్పకముందే ఆమెకు అర్థమైంది. తల తిప్పుకోకుండా మొత్తం చూసింది. తర్వాత బేసిన్ దగ్గరికి వెళ్లి, చన్నీళ్ల కుళాయి విప్పి, నీళ్లు గులాబీరంగు నుంచి తెల్లబడేదాకా కడిగింది. బేసిన్ తుడిచి, గుడ్డ పిండి మేకుకు తగిలించింది. తిరిగి వచ్చి అతని పక్కన స్టూలు మీద కూర్చుని, మోకాలు అతని మోకాలికి ఆనించింది. కాళ్ల దగ్గర వేరుశనగ తొక్కలు పడి ఉన్నాయి. ఆదివారం కదా, వాటినెవరూ ఊడ్వలేదు.